ఉల్టా అద్దం

“ఇంకొక్కసారి నిలబడండి వైకుంఠం గారూ.”

“ఇగ నా వల్ల గాదమ్మా. పొద్దటి సంది నిలబడుడే అయితుంది. నా మొకం చూసి చూసి గా తీగకు గూడ యాష్టకొచ్చి ఉంటది.”

హైదరాబాద్ హుస్సేనీ ఆలంలో పాత కెమెరాల దుకాణం వైకుంఠానిది. ఎదురింటి గోడ మీద కాగితపూల తీగ. దాని ముందు ఆయన్ను నిలబెట్టి, సోవియట్ కాలం నాటి రష్యా లెన్సుల్ని ఒక్కొక్కటే తన కెమెరాకు తగిలించి చూస్తోంది కీర్తిప్రియ.

తీయడం, తెర మీద చూడడం, పెదవి విరవడం.

“ఆకులు తిరుగుతున్నయ్. కానీ అట్ల కాదు.”

“మరెట్ల తిరగాలెనమ్మా? గానుగెద్దు లెక్కనా?”

ఆమె సంచిలోంచి ఒక ఫొటో తీసి గల్లాపెట్టె పక్కన పెట్టింది.

అమ్మ ఫొటో. నవ్వబోయి ఆగినట్టున్న ముఖం, వెన్నెల పట్టినట్టు. వెనక గోరింటాకులన్నీ ఆమె చుట్టూ సుడి తిరుగుతూ కరిగిపోయాయి.

కీర్తిప్రియ పాకే వయసులోనే అమ్మ పోయింది. మిగిలింది ఈ ఒక్క ఫొటో. అమ్మ ఎట్లా ఉండేదని అడగడానికి ఇప్పుడు ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

తన కూతురు అనూహ్యను కూడా అట్లాగే తీసి, రెండు ఫొటోలూ ఒకే చట్రంలో పెట్టుకోవాలని ఆమె ఆశ. పాత రష్యా లెన్సులకు ఆకుల్ని తిప్పే గుణం ఉందని తెలిసినప్పటినుంచి ఆమె ఎక్కని దుకాణం మెట్టు లేదు.

“అన్నీ ఒక్క సాంచల, ఒక్క అచ్చుల పోసినయే బిడ్డా. ఎందుకట్ల ఏరుతున్నవ్?”

మూల స్టూలు మీద కూర్చున్న ముసలాయన అన్న మాట అది. వైకుంఠం చాయ్ తెప్పించి ఇచ్చాడు కాబట్టి దుకాణం మనిషే అనుకుంది ఆమె. వచ్చినప్పటినుంచీ ఇదే మాట, తిప్పి తిప్పి.

“జర ఊకుండు తాతా.”

ఊరుకుంటేనా! లేచి వచ్చాడు. గల్లాపెట్టె పక్కనున్న ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. స్టూలు మీద చాయ్ మీగడ కట్టింది.

“ఇది ఖరాబైన ఫొటో,” అన్నాడు చివరికి.

“ఏందీ?”

“తీసినోడు లెన్సు విప్పి తుడిచిండు. మళ్ల బిగించేటప్పుడు ముంగటి అద్దం ఉల్టా పెట్టిండు. అందుకే ఆకులు గిట్ల గిర్రున తిరిగినయ్. పోనీ, మనిషిని నిలబెట్టుడన్న తెల్వాలె గద? చిలకపచ్చ చీర కట్టిన పిల్లను తీస్కపోయి గోరింట చెట్టుకు ఆనిచ్చిండు. ఆకేదో కొంగేదో తెలుస్తుందా? బేవకూఫ్!”

కీర్తిప్రియకు ఒళ్లు మండింది. పొద్దుటినుంచీ కూడబెట్టిన విసుగంతా ఆ ముసలాయన నెత్తిన పడింది.

“ఎవరు తాతా బేవకూఫ్? గా మనిషి తీయకుంటే మా అమ్మ మొకం ఎట్లుంటదో నాకు తెల్వకపోవు. ఆయన దొరికితే కాళ్లు మొక్కుత. మధ్యల నీకెందుకీ పెద్దరికం? ఫొటో కింద పెట్టు.”

ముసలాయన కింద పెట్టాడు.

“తిట్టవా ఆయనను?” అన్నాడు మెల్లగా.

“ఎందుకు తిడత?”

ఆయన బల్ల వైపు తిరిగాడు. ఆమె పక్కకు నెట్టేసిన హీలియోస్ రకం రష్యా లెన్సు ఒకటి అందుకున్నాడు. బల్ల మీదున్న రబ్బరు ముక్కను దాని మూతికి ఆనించి తిప్పసాగాడు.

“అయ్యో, పగులుతది! వైకుంఠం గారూ, మీ మనిషికి జర చెప్పండి!”

వైకుంఠం వింతగా చూశాడు. ఏదో అనబోయేంతలో జేబులో ఫోను మోగింది. మాట్లాడుకుంటూ రోడ్డు దాటి తీగ నీడకు పోయాడు.

ఆయన వేళ్ల మధ్య లెన్సు మూతి చుట్టున్న కట్టు ఊడింది. ముందరి అద్దం ముసలాయన అరచేతిలో పడింది. చొక్కా అంచుతో తుడిచి, తిరగేసి, మళ్లీ బిగించాడు.

“ఇగో బిడ్డా. గదే తప్పు మళ్ల చేసిన. చూస్కో.”

పాడైందని రుజువు చేసి వాయించాలనే ఆమె దాన్ని కెమెరాకు తగిలించింది. గుమ్మం దిగి నిలబడి, తీగ కింద ఫోనులో ఎవరితోనో పోట్లాడుతున్న వైకుంఠాన్ని తీసింది.

తెర మీద ఆకులు సుడి తిరిగాయి. వైకుంఠం మీసాలకు కూడా వెన్నెల పట్టింది.

అట్లా కాదు అనడానికి లేదు. అచ్చం అట్లాగే.

“తాతా!”

లోపల ఆయన లేడు. స్టూలు మీద మీగడ కట్టిన చాయ్ అట్లాగే ఉంది.

ఆమె రోడ్డు మీదికి ఉరికింది. దానిమ్మపండ్ల బండి, ఆటోల లొల్లి, బురఖాల గుంపు. ఎన్ని తెల్లచొక్కాలు, ఎన్ని తెల్లజుట్లు! ఏదీ ఆయనది కాదు.

ఫోను ముగించుకుని వైకుంఠం తిరిగొచ్చాడు.

“మీ ముసలాయన ఎటు పోయిండండీ?”

“మా ముసలాయననా? మీ ఎనకనే వచ్చిండు గదమ్మా! మీ తాత అనుకొని చాయ్ గూడ ఇప్పిచ్చిన.”

కీర్తిప్రియ మెల్లగా లోపలికొచ్చి, గల్లాపెట్టె పక్కనున్న అమ్మ ఫొటోను చేతిలోకి తీసుకుంది.

చిలకపచ్చ చీర అన్నాడు.

అమ్మ కట్టుకున్నది ఏ రంగు చీర అని చిన్నప్పుడు అమ్మమ్మను అడిగింది, నాన్నను అడిగింది, ఇంటికొచ్చిన చుట్టాలందర్నీ అడిగింది. ఒక్కరికీ గుర్తు లేదు.

ఆ నలుపు తెలుపు ఫొటోలో అది ఉత్త బూడిద రంగు చీర. చిలకపచ్చదని ఆ రోజు కెమెరా వెనక నిలబడిన మనిషికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది?