ఆరో ఫిల్ము

తాళం తీసి లోపలికి వచ్చిన తేజశ్రీ కూర్చోబోయిన స్టూలు మీద అప్పటికే ఎవరో ఉన్నారు.

"సారీ అండీ, చూసుకోలేదు," అంది నాలుక కరుచుకుని. కంగారులో తెలుగే వచ్చేసింది.

"పర్లేదమ్మా. ఏ ఊరు మనది?" అన్నారాయన, అచ్చంగా తెలుగులోనే.

ఢిల్లీలో, అదీ అయాన్ బీమ్ ల్యాబులోని కొలతల గదిలో తెలుగు మాట వినబడేసరికి ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"తెనాలండీ. హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్నాను."

"మాది బందరు."

గోధుమరంగు స్వెటరు, మెడకు మఫ్లరు, అరవై దగ్గరపడ్డ మనిషి. ఇక్కడి ఉద్యోగే అయివుంటారు, లోపలికి ఇంకో దారి ఉంది కాబోలు అనుకుంది.

అంతకుమించి ఆలోచించే తీరిక ఆమెకు లేదు. ఎనిమిది నెలలు కాచుకుంటే 2007 జనవరిలో ఒక్క రోజు బీమ్, అంటే అయాన్ల ధార, వాడుకునే వంతు దొరికింది. సాయంత్రం నాలుగింటికి తర్వాతి వంతు వాళ్లకు, చండీగఢ్ వాళ్లకు, అప్పగించాలి. మార్చితో ఫెలోషిప్పు ఆఖరు. ఇవాళ ఒక్క ఫిల్మయినా కుదిరితే థీసిస్సు, లేదంటే ఐదేళ్ల చదువూ గంగపాలు.

తెచ్చినవి ఆరు గాజు ముక్కలు. వాటి మీద వెంట్రుకలో వందో వంతు మందాన బిస్మత్ టెల్యురైడ్ పూత; దాన్నే ఫిల్ము అంటారు. దానికి ఒక కొస వెచ్చగా, ఇంకో కొస చల్లగా ఉంటే చాలు, కరెంటు పుడుతుంది. రెండు కొసలూ ఒకేలా ఉంటే ఏమీ పుట్టదు. పూతలోంచి అయాన్లను దూసుకుపోనిస్తే ఆ కరెంటు పెరుగుతుందని తేజశ్రీ నమ్మకం.

పెరిగిందో లేదో చూసుకోవడానికి విద్యార్థుల చిట్కా ఒకటుంది. ఒక కొస మీద వేలు పెట్టడమే. ఆ వెచ్చదనానికే మీటరు ముల్లు కదులుతుంది.

బీమ్ తగలక ముందు ముల్లు పది చూపించింది. ఒక్కోదానికి బీమ్ పెంచుకుంటూ పోతే మధ్యాహ్నానికి ఐదు ఫిల్ములు అయ్యాయి. తొమ్మిది, ఎనిమిది, ఆరు, నాలుగు, రెండు.

"ఆరోదానికి ఇంకా గట్టిగా ఇస్తాను," అంది తనలో తాను.

"పడిపోతోంటే ఇంకా కొడతావేమమ్మా?" అన్నారు పెద్దాయన. "మొదటిదానికి ఇచ్చినదాంట్లో పదో వంతు ఇవ్వు. బియ్యం డబ్బా తట్టినట్టు తట్టు. లోపల సర్దుకుంటుంది."

"మీరు చేశారా అండీ?"

"ఐదు చేశాను. ఆరోది చూడలేదు."

ఎందుకు చూడలేదో అడగలేదామె. టైము మూడు దాటుతోంది. ఆయన చెప్పినట్టే పదో వంతు ఇప్పించింది.

ఫిల్ము తెచ్చి మీటరుకు తగిలించగానే పెద్దాయన లేచి వచ్చారు.

"నేనొకసారి వేలు పెట్టనా అమ్మా?"

ఆ గొంతులో ఆశ చూసి ఆమెకు ముచ్చటేసింది. "పెట్టండి. ఉపాయం మీదే కదా."

ఆయన వేలు పెట్టారు.

ముల్లు కదల్లేదు.

ఒక నిమిషం. రెండు నిమిషాలు. సున్నా మీద మేకు కొట్టినట్టు నిలబడిపోయింది.

"చచ్చిపోయిందండీ ఫిల్ము," అంది తేజశ్రీ.

"చచ్చింది అది కాదమ్మా," అన్నారాయన, వేలు తీయకుండానే. "నువ్వు పెట్టి చూడు."

"ఇంకా ఏం చూడమంటారు? మిగిలిన ఒక్కదాన్నీ మీ మాట విని తగలేసుకున్నాను. మీకేం, కాలక్షేపం."

ఆమె ఫిల్మును పీకి చెత్త డబ్బాలో పడేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున రిజిస్టరులో సంతకం పెట్టడానికి వచ్చింది. ఆపరేటర్ దశరథ్ కొలతల గదిలో ఉన్నాడు. ఢిల్లీలో పుట్టిన తెలుగువాడు, మాట మాటకీ హిందీ దొర్లుతుంది. పారేసిన శాంపిళ్లలో రేడియేషన్ ఉందేమో చూడటం అతని డ్యూటీ.

"దీదీ, దీన్ని ఎందుకు పడేశారు?" అంటూ ఆరో ఫిల్మును మీటరుకు తగిలించి ఒక కొస మీద వేలు పెట్టాడు.

ముల్లు ఎగిరి ఇరవై రెండు దగ్గర ఆగింది.

తేజశ్రీ వంగి ముల్లు చూసింది. "నిన్న సున్నా చూపించింది. ఆ పెద్దాయన వేలు పెడితే."

"కౌన్ పెద్దాయన? నిన్నంతా ఈ గది తాళంచెవి మీ దగ్గరే ఉంది కదా. ఇంకో దర్వాజా కూడా లేదు."

"బందరు ఆయన. గోధుమరంగు స్వెటరు. పదో వంతు ఇవ్వమన్నది ఆయనే."

దశరథ్ మొహంలో నవ్వు పోయింది. బీరువా తెరిచి అడుగునుంచి ఒక పాత లాగ్‌బుక్కు తీశాడు. 1998. అనంతరామయ్య అన్న సంతకం. బిస్మత్ టెల్యురైడ్, ఆరు ఫిల్ములు. తొమ్మిది, ఎనిమిది, ఆరు, నాలుగు, రెండు. ఆరోదాని పక్కన 'పదో వంతు' అని ఉంది. రీడింగు గడి ఖాళీ.

"ఆరోదానికి బీమ్ నడుస్తోంది. ఈయన ఇక్కడే వెయిట్ చేస్తున్నారు," అన్నాడు దశరథ్ గొంతు తగ్గించి. "హార్ట్ ఎటాక్. ఉసీ స్టూల్ పర్, ఆ స్టూలు మీదే పోయారు."

తేజశ్రీ స్టూలు వైపు చూడలేకపోయింది. 'మీకేం, కాలక్షేపం' అన్న తన మాటే చెవుల్లో గింగురుమంది. ఆ ఖాళీ గడిలో ఇరవై రెండు అని రాసింది.

వేలు కూడా గదంత చల్లగా ఉంటే ముల్లు కదలదని ఆమెకు తెలియనిది కాదు.

చచ్చింది అది కాదమ్మా అని ఆయన నిన్ననే చెప్పారు.