పై వాటాలో సీసాల చప్పుడు

పై వాటాలో కొత్తగా దిగినవాడు పట్టపగలే సారా కాస్తున్నాడట.

ఈ సంగతి పక్కింటి పిన్నిగారికి ఇస్త్రీ ఆమె చెప్పిందట. ఇస్త్రీ ఆమె కళ్లతో చూసిందేమీ లేదు. మెట్ల దగ్గర పాకం మాడిన వాసన మాత్రం పీల్చిందట.

"కాసిందంతా తనే తాగుతాడు. తాగిన సీసా తన నెత్తినే పగలగొట్టుకుంటాడు. నుదురు చూశావా, అన్నీ గాట్లే" అంది పిన్నిగారు, కింది వాటా ఇల్లాలితో.

"మీరు చూశారా పిన్నిగారూ?"

"నేనెందుకు చూస్తానే, నాకదేనా పని? తలుపు సందులోంచి కనబడ్డాడు."

ఇల్లాలు నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. పిన్నిగారు వెళ్లగానే గడియ వేసుకుంది.

ఆ మధ్యాహ్నమే పైన ఠప్పుమని సీసా పగిలింది.

తరవాత మూలుగు లేదు, తిట్టు లేదు. చీపురుతో ఊడుస్తున్న చప్పుడు మాత్రం నింపాదిగా వినిపించింది. అరిచి గోల చేసినా ఆమెకి అంత భయం వేసేది కాదు.

ఇంట్లో ఉన్నది తనూ, ఉయ్యాల్లో పిల్లా. మొగుడు ఔట్‌డోర్ షూటింగుకు పోయాడు. సినిమాల్లో హీరో చేత తన్నులు తినే ఫైటరతను. ఇంటికి రాగానే అతని జుట్టు పాయలు తీసి తలంతా తడిమి చూసుకుంటే గాని ఆమె కంచం పెట్టదు.

"పేలు చూస్తున్నావా?" అని ఏడిపిస్తాడతను.

మర్నాడు మేడమీద బట్టలు ఆరేద్దామని మెట్లెక్కుతుంటే పై వాటావాడు ఎదురుగా దిగాడు. ఒక అట్టపెట్టెను పసిబిడ్డలా రొమ్ముకు హత్తుకున్నాడు. నుదుటిమీద కొత్త పట్టీ. పట్టీ అంచున ఎరుపు.

ఆమె గోడకు అతుక్కుపోయింది.

అతను దిగబోయి ఆగాడు.

"మీ ఆయన ఫైట్లు చేస్తాడు కదమ్మా?"

ఆమె బట్టల బుట్టను అడ్డం పెట్టుకుంది.

"తల బాగానే ఉందా?"

చేతిలో బుట్ట జారి మెట్లమీద దొర్లింది.

అతను పెట్టెను ఇంకొంచెం పొదువుకుని దిగిపోయాడు.

"తల సంగతి వాడికెందుకే? పగలగొడతానని మర్యాదగా చెప్పాడన్నమాట" అని తేల్చేసింది పిన్నిగారు.

ఇద్దరూ కలిసి ఇంటాయన దగ్గరికి వెళ్లారు. చంకలో బిడ్డతో ఆడకూతురు వణికిపోతుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? పొద్దు వాలకముందే పైవాడి పొయ్యీ గిన్నెలూ వీధిలో పెట్టించాడు.

"రేపటిదాకా ఉండనివ్వండి బాబూ. ఇవి ఆరాలి."

"ఏమిటారేది, నీ లాగులా?"

చూస్తున్నవాళ్లంతా నవ్వారు. అతను కింది వాటా కిటికీ వైపు ఒకసారి చూశాడు.

ఆమె రెక్క మూసేసింది.

మొగుడు తిరిగొచ్చాక జరిగిందంతా చెప్పింది. "పోన్లే, పీడ వదిలింది. నేను వాడి మొహమైనా ఎరగను" అన్నాడతను. ఆమె అతని తల తడిమి చూసింది. ఎప్పట్లాగే, చిన్న గీత కూడా లేదు.

మళ్లీ షూటింగు మొదలైన రోజునే కబురొచ్చింది.

పిల్లని చంకనేసుకుని, పిన్నిగారిని తోడు తీసుకుని ఆస్పత్రికి పరుగెత్తింది. తలుపు అవతల మొగుడి తలకి కుట్లు వేస్తున్నారు. కన్ను దక్కేదీ లేనిదీ ఇప్పుడే చెప్పలేమన్నారు. వసారాలో, సెట్టు సామాన్లు చూసే మేస్త్రీ గోడకానుకుని నిలబడి ఉన్నాడు. అతని చొక్కా నిండా నెత్తురు.

"ఏం తగిలింది?"

"సీసా అమ్మా. బారు సీను. హీరో మీ ఆయన తలమీద కొట్టాలి."

"నిజం సీసాతో కొట్టించారా?"

"నిజంది ఎందుకు పెడతాం? చక్కెర పాకం కాచి అచ్చులో పోసిందే. మొన్ననే పనిలో చేరిన కొత్తవాడు మందంగా పోసి తగలేశాడు."

ఆమె భుజమ్మీద ఉన్న పిన్నిగారి చెయ్యి మెల్లగా కిందికి జారింది.

"ఇన్నేళ్లలో ఆయనకి గీత పడలేదు. మందమో పల్చనో ముందే చూసుకోరా మీరు?"

"పాతాయన చూసేవాడమ్మా. పోసినప్పుడల్లా ఒకటి తీసి ముందు తన నుదుటిమీద పగలగొట్టుకునేవాడు. అప్పుడు గాని మీ ఆయన తలకి పంపేవాడు కాదు."

ఆమె చంకలో పిల్లని రెండు చేతులా పొదువుకుంది.

"ఆయనేడి?" అంది.

"ఎటు పోయాడో నన్నడిగితే ఏం లాభమమ్మా? తాగుబోతని ఇంట్లోంచి గెంటేసినవాళ్లనడగండి."