వేదిక ఊగకుండా

రైళ్ల భద్రత తనకు ప్రాణంతో సమానమని వేదిక మీద పెద్దసారు మైకులో చెబుతుంటే, కింద కూర్చున్న శ్రీవాణి మురిసిపోయి మొగుడి మోచెయ్యి గిల్లింది. పెళ్లయి నెల కాలేదు, అప్పుడే రైల్వేలో ఆయనకు భద్రతా బహుమతి!

“బావా, పొద్దున ఊగిన స్టేజీ ఇప్పుడు కదుల్తలేదు. ఎట్ల చేసినవ్?”

దివాకర్ మీసం దువ్వాడు. “కింద చెక్క దిమ్మెలు పెట్టిన. సారు పడితే నా ప్రమోషన్ గూడ పడ్తది.”

“అబ్బ, ఏం తెలివి! యాడ దొరికినయి?”

“గా సిమెంటు డబ్బాల చక్రాల కింద. ఊకెనే పడున్నయి.”

పక్క పట్టాల మీద ఇంజను లేని గూడ్సు డబ్బాలు వరసగా నిలబడి ఉన్నాయి.

“ఊకెనే ఎందుకు పెడ్తరు బావా?”

“డబ్బాలు జారకుండ...” దివాకర్ డబ్బాల వైపు తల తిప్పాడు. అటువైపంతా పల్లం. పల్లం చివర మెయిన్ లైను. నల్గొండ ప్యాసింజరు వచ్చే వేళ.

“మంచిగుంది,” అంది శ్రీవాణి. “సారు పడితే లేపనీకి ఇంతమందిమున్నం. గా డబ్బాలు జారి రైలును గుద్దితే ఎవరు లేపాలె?”

“బహుమతి తీసుకున్నంక పెడ్త వాణీ. జరసేపే.”

“జరసేపు ఆగుమని డబ్బాలకు నువ్వు చెప్పొస్తవా, నన్ను పొమ్మంటవా?”

మైకులో దివాకర్ పేరు పిలిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. అతను వేదిక దాకా నడిచి, మెట్లెక్కకుండా వంగి, పరదా ఎత్తి కిందకు దూరాడు.

వేదిక ఒక పక్కకు ఒరిగింది. పెద్దసారు మైకును కావలించుకున్నాడు. దిమ్మెలు చంకన పెట్టుకుని దివాకర్ డబ్బాల వైపు పరుగెత్తాడు.

చప్పట్లు ఆగిపోయాయి. శ్రీవాణి మాత్రం లేచి నిలబడి కొట్టింది.