ఖర్చులన్నీ మనవే

"ఈ పిల్లకే ఇద్దాం," అన్నారు డైరెక్టర్‌గారు, దరఖాస్తు మీద వేలితో తడుతూ. "రానూపోనూ టికెట్లు, గది, భోజనం. ఖర్చులన్నీ మనవే."

కోఆర్డినేటరమ్మ తలెత్తింది. వర్క్‌షాప్‌కి రావడానికి సాయం కోరిన విద్యార్థుల దరఖాస్తుల్లో దాన్ని అన్నిటికంటే పైన పెట్టింది తనే.

"గడ్డం ప్రొఫెసర్‌గారి స్టూడెంటు సార్. చూసుకున్నారా?"

"చూసుకునే అంటున్నా."

గడ్డం ప్రొఫెసరంటే డైరెక్టర్‌గారికి ఒళ్లుమంట. ఒకప్పుడు నిండు సభలో లేచి, "మీ మోడల్ మీకే అర్థమైనట్టు లేదండీ" అని అందరినీ నవ్వించాడు. మందు కణంలోకి ఎంత వేగంగా వెళుతుందో కంప్యూటర్లో లెక్కగట్టే మోడల్ అది. డైరెక్టర్‌గారికి పేరూ, ఈ కుర్చీ తెచ్చిపెట్టింది అదే. ఆనాటి నవ్వులు ఆయన చెవుల్లో ఇంకా మోగుతూనే ఉన్నాయి.

"వాళ్ల ల్యాబ్ మోడళ్లు గుమ్మం దాటితే నడవవట. ఎవరి కంప్యూటర్లో నడిపినా ఒకే ఫలితం రావాలనేగా మన వర్క్‌షాప్? అందరి ముందూ నడిపిద్దాం. ఆ పిల్ల సొంత ల్యాప్‌టాప్ ముట్టకూడదు, మన కంప్యూటరే. గురువుగారిని కూడా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టు."

"పాపం, పిల్ల నలుగురిలో చిన్నబోతుందేమో సార్."

"జాలి తర్వాత పడదాంలే. ముందు ఏర్పాట్లు చూడు. ఆ పనిలో నీ తర్వాతే ఎవరైనా. పరిశోధన నీకు అచ్చిరాదని ఊరికే అన్నానా?"

"లేదు సార్," అందామె.

ఆమె కూడా ఒకప్పుడు ఆయన స్టూడెంటే. ఇలాంటి వర్క్‌షాప్‌కే వెళ్తానని అడిగితే, "చిన్నపిల్లవి, నీకెందుకు ప్రయాణాలు? నేను వెళ్లి చెప్తాగా, ఫైలు ఇలా ఇవ్వు" అన్నారు. ఒక్క గంట టైమడిగి, అంతా సరిచూసి మరీ ఇచ్చింది. ఆ తర్వాత ఆమెకు మిగిలినవి టికెట్లూ, గదులూ, కుర్చీలే.

వర్క్‌షాప్ రోజు హాలు నిండిపోయింది. అమ్మాయి తెచ్చిన ఫైలును కోఆర్డినేటరమ్మ కంప్యూటర్లో పెట్టి నడిపింది. తెర మీద గీత ఒక్క ఉదుటున లేచి పైఅంచు దాటి మాయమైపోయింది. ఆ లెక్కన చిటికెడు మందుకే కణం పగిలి చావాలి. వెనక వరసల్లో నవ్వులు మొదలయ్యాయి. గడ్డం ప్రొఫెసర్ తల దించుకున్నాడు. డైరెక్టర్‌గారి కడుపు చల్లబడింది.

"ఏమ్మా, ఇదేనా మీ గురువుగారు నేర్పింది?" అని మైకులోనే అడిగారు.

"మా ల్యాబ్‌లో బాగానే నడిచింది సార్," అంది అమ్మాయి. "మేం కట్టింది రెండో సగమే. మొదటి సగం మీ మోడలే. మీ పేపర్లో ఉన్నది ఉన్నట్టే తీసుకున్నాం."

నవ్వులు ఆగిపోయాయి. గడ్డం ప్రొఫెసర్ తలెత్తి తెర వంక చూశాడు.

"ఆ వేగం దగ్గర ఉత్త అంకె ఉందేమిటండీ? నిమిషానికా, సెకనుకా? మా కంప్యూటర్లు నిమిషాలనుకున్నాయి, మీది సెకన్లనుకుంది. ఏది నిజం?"

డైరెక్టర్‌గారు తెర వంకా, కోఆర్డినేటరమ్మ వంకా చూశారు.

"మీ మోడలే కదండీ, చెప్పండి."

"నన్నడుగుతారేం? అది రాసింది నేను కాదు!" ఆయన వేలు కోఆర్డినేటరమ్మ మీదికి లేచింది. "ఇదిగో, ఈవిడ! అప్పట్లో నా స్టూడెంటు. తప్పంతా ఈవిడదే!"

గడ్డం ప్రొఫెసర్ లేచి నిలబడ్డాడు.

"మరి పేపర్ మీద మీ పేరొక్కటే ఉందే?"

డైరెక్టర్‌గారు మైకు బల్ల మీద పెట్టేసి కుర్చీలో కూలబడ్డారు. అంతమంది ముందు తన నోటితో తనే అనేశాక ఇంకేం మిగిలింది?

కోఆర్డినేటరమ్మ మైకు అందుకుంది. "నిమిషానికండీ," అని అంకె పక్కన ఆ మాట చేర్చి మళ్లీ నడిపింది. గీత బుద్ధిగా పైకి వెళ్లి, ఉండాల్సిన చోట ఆగింది. అమ్మాయి కళ్లు తుడుచుకుంది. చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

బయటికి వెళుతూ గడ్డం ప్రొఫెసర్ ఆమె దగ్గర ఆగాడు. "అంత ముఖ్యమైన మాట రాయడం ఎలా మర్చిపోయారమ్మా?"

"చిన్నపిల్లని కదండీ అప్పుడు," అందామె నవ్వుతూ.

ఆ రోజు అడిగి తీసుకున్న గంటలో ఆమె చెరిపింది ఆ ఒక్క మాటే.