అట్టమీద పాము

"ఏంట్రా ఇది?"

ప్రేమానందం చేతిలో పాత ఎల్పీ రికార్డు. అట్టమీద ముఖానికి తెల్లరంగు, కళ్లచుట్టూ నల్లరంగు పూసుకున్న మగవాడు. మెడలో పాము, వెనకాల తల నరికే యంత్రం. మూలన 1972 అని అచ్చు.

కాలేజీలో చేరిన కొడుకు జెరెమీ మంచం అంచున కూర్చున్నాడు. పెళ్లయిన పదేళ్లకు ప్రార్థనలమీద పుట్టిన బిడ్డ. అమెరికాలో, పిస్కాటవే తెలుగు చర్చిలో డ్రమ్స్ వాడివే. జేబులో ఐపాడ్ పెట్టుకుని తిరిగే వీడికి ఈ పాత పళ్లెం ఎందుకో ఆయనకు అర్థం కాలేదు.

"నాన్నా, అదంతా షో. రియల్ కాదు. సెవెంటీస్‌లో స్టేజ్ మీద అలా స్కేర్ చేసేవాళ్లు. లాస్ట్‌లో బ్యాడ్ గైకి పనిష్‌మెంట్ కూడా ఉంటది. నేను డ్రమ్స్ కోసం కొన్నాను."

"దయ్యాల పాటలు నేర్చిన చేతుల్తో దేవుడి దగ్గర వాయిస్తావా? దీన్ని నువ్వే విరగ్గొట్టు. లేదంటే రేపు ఈస్టర్‌కే కాదు, ఇంకెప్పుడూ డ్రమ్స్ ముట్టవు."

జెరెమీ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా తల అడ్డంగా ఊపాడు.

ప్రేమానందానికి ఒళ్లు మండిపోయింది. సంఘపెద్ద ఇంట్లో ఇదా? మంచం కింద ఇంకేమున్నాయోనని వంగబోతే నడుం పట్టేసింది. పోయిన శనివారం నుంచీ అదే బాధ. తమకు హాలు అద్దెకిచ్చే అమెరికన్ చర్చి పాత సామాన్ల సేల్ పెడితే, కరుణమ్మ హాస్పిటల్ డ్యూటీలో ఉండగా తమ ఇంటి బేస్‌మెంట్‌లోని పాత పెట్టెలన్నీ తనొక్కడే మోసి ఇచ్చొచ్చాడు. అందరూ మెచ్చుకున్నారు, నడుం మాత్రం మెచ్చుకోలేదు.

కేకలు విని కరుణమ్మ వచ్చింది. గుంటూరులో నర్సింగ్ చదివి, పెళ్లికి చాలా ముందే ఒంటరిగా ఈ దేశం వచ్చిన మనిషి. ఇంట్లో గొంతు పెంచి ఎరగదు. అట్ట చూడగానే ఆమె ముఖం ఎర్రబడింది.

"ఎక్కడిదిరా నీకిది?"

చర్చి సేల్‌లో కొన్నానన్నాడు జెరెమీ.

"ప్లే చేశావా?"

"ఫ్రెండ్ టర్న్‌టేబుల్ మీద. ఒకసారి."

"మిగతావేవి?"

పెట్టె నిండా ఉన్నాయనీ, ఇదొక్కటి తను తీసుకుంటే మిగతావన్నీ ఎవరో పట్టుకుపోయారనీ వాడు నసిగాడు. కరుణమ్మ కళ్లు తుడుచుకుంది. ఇంకెన్ని ఇళ్లు పాడయ్యాయోనని ఏడుస్తోంది పాపం, అనుకున్నాడు ప్రేమానందం. భార్య తన పక్షాన నిలబడ్డందుకు ధైర్యం వచ్చి, రికార్డును అట్టలోంచి లాగి మోకాలికి ఆనించాడు.

"మీరు ముట్టుకోకండి." ఆమె విసురుగా లాక్కుంది.

నిజమే, రేపు ప్రభు బల్ల దగ్గర రొట్టె పంచాల్సిన చేతులు. ఆమెకున్న భక్తి తనకు లేకపోయిందే అని సిగ్గుపడ్డాడు. ఆమె మాత్రం అశుద్ధాన్ని పట్టుకున్నట్టు, వేళ్లు గీతలకు తగలకుండా, దాన్ని అంచుల దగ్గరే పట్టుకుంది.

ఆయన కోపం ఇప్పుడు చర్చి మీదికి మళ్లింది. "దేవుడి మందిరానికి ఇలాంటి చెత్త ఇవ్వడానికి సిగ్గుండాలి. ఆ ఇచ్చినవాడెవడో తెలియనీ, చర్చి మెట్లెక్కనివ్వను."

కరుణమ్మ అట్ట అందుకుని కొంగుతో దానిమీది దుమ్ము తుడిచింది. రికార్డును మెల్లగా లోపలికి జార్చి జెరెమీ ఒళ్లో పెట్టింది. రేపు డ్రమ్స్ దగ్గర నువ్వే కూర్చోవాలని వాడితో చెప్పింది. ప్రేమానందం నోరు తెరిచేలోపు ఆయనవైపు తిరిగింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ కళ్లలో అంత కోపం ఆయనెప్పుడూ చూడలేదు.

"నా పెట్టె ఎందుకిచ్చేశారండీ?"