కోడలి వాగు

"ఈ పటంలో తప్పుంది బాబూ," అంది హిల్యా.

మ్యూజియంలో పటాలు చూసుకునే ఎస్కో తలెత్తాడు. యుద్ధంలో తమ దేశం చేజారి రష్యాకు పోయిన కరేలియా ఊళ్ల పటం ముందు నిలబడి ఉంది ఆవిడ. డెబ్బై దాటిన మనిషి.

"ఏం తప్పు మామ్మా?"

"ఈ వాగును చుక్కల గీతతో వేశారు. వేసవిలో ఎండిపోతుందనేగా? ఇది ఎండదు. పేరు కూడా రాయలేదు."

"జానెడు వాగుకు పేరు కూడానా?"

"కోడలి వాగు. పుట్టింటి మీద బెంగపడ్డ కోడళ్లు బాల్చీ పట్టుకుని అక్కడికే పోయేవాళ్లు. రెండో మలుపులో నీళ్లు రాళ్ల మీద పడి గోల చేస్తాయి. ఎంత ఏడ్చినా అత్తకు వినపడదు."

ఎస్కో నవ్వాడు. "ఆ కన్నీళ్లతోనే పారుతోందేమో."

"కాదు. ఎగువన బండ కింద ఊట ఉంది. తాగితే పళ్లు జివ్వుమంటాయి."

వదిలి వచ్చిన ఊరి గురించి ముసలివాళ్లు ఇలాగే చెబుతారు. అక్కడి చేప పెద్దది, అక్కడి చలి కూడా మంచిదే. అయినా ఆవిడ పోరు పడలేక ఎస్కో కాగితం ఇచ్చాడు. ఊట నుంచి సరస్సు దాకా ఏడు మలుపులూ గీసిందావిడ.

"జూలైలో మన మ్యూజియం బస్సు సరిహద్దు దాటి ఆ ఊరికి వెళ్తోంది. వచ్చి చూపించండి, దిద్దుదాం."

హిల్యా ఆ కాగితం మడిచి అతని చేతిలో పెట్టింది.

"నేను రాను బాబూ. నువ్వే చూసి, ఎలా ఉందో నాకు చెప్పు."

జూలై అక్కడ నడివేసవి. ఆ ఏడు చినుకు పడలేదు. ఊళ్లో ఇళ్లు లేవు, పునాది రాళ్ల మధ్య పొదలు. దారిలో దాటిన వాగులన్నీ ఎండిపోయి ఉన్నాయి.

ఎస్కో కాగితం పట్టుకుని నడిచాడు.

మొదటి మలుపు గీసిన చోటే ఉంది. రెండో మలుపులో, వెనక నుంచి తోటివాళ్లు పిలుస్తున్నా అతనికి వినపడలేదు. బండ దగ్గర బోర్లా పడుకుని కడుపునిండా తాగాడు.

తిరిగి రాగానే చుక్కలు తీసేసి నిండు గీత వేశాడు. పక్కన పేరు రాశాడు. కొత్త పటం చుట్టి పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లాడు.

తలుపు తీసింది కూతురు కైసు.

"అమ్మ పోయి మూడు వారాలైందండీ. మ్యూజియం అబ్బాయి వెళ్లాడా, వచ్చాడా అని రోజూ అడిగేది."

ఎస్కో పటం బల్ల మీద పరిచాడు.

"ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క రాయి కూడా తప్పు పోలేదు. ఎన్నో ఏట వచ్చేశారు అక్కణ్ణుంచి?"

కైసు నీలం గీత మీద వేలు పెట్టి చివరిదాకా నడిపింది.

"ఆ ఊరి ఆఖరి కోడలు మా అమ్మమ్మ. రోజూ అమ్మను పక్కలో పడుకోబెట్టుకుని ఈ వాగు గురించి చెప్పేదట. వెళ్లి చూడమంటే అమ్మకు భయం, అక్కడ వాగు లేకపోతే ఎలా అని," అంది. "ఊరు ఖాళీ చేసి వస్తుంటే గూడ్సు పెట్టెలో పుట్టిన మనిషి, అమ్మ ఆ వాగును ఒక్కసారి కూడా చూడలేదండీ."