గడప మీద మనిషి

“గడప మీద నిల్చుకోవద్దప్పా! దిగు!”

దీపం చేత్తో పట్టుకుని అక్కయమ్మ అరిచింది.

ఆ మనిషి దిగలేదు. రెండు కాళ్ళూ గడప మీద పెట్టి, రెండు అరచేతులూ ద్వారం పైచెక్కకు ఆనించి అలాగే నిలబడ్డాడు. నెత్తి నిండా సున్నం దుమ్ము.

ఎక్కడో ఇల్లు కూలగొట్టే పనిలో ఉన్న కూలివాడై ఉంటాడని అక్కయమ్మ అనుకుంది. పది రోజులుగా ఇదే వరస. పొద్దు వాలేసరికి వచ్చి నిలబడతాడు. ఉలుకూ పలుకూ ఉండదు. పసుపు రాసి బొట్లు పెట్టిన గడప మీద గుప్పెడు మట్టి రాలుస్తాడు. బెంగళూరు మడివాళ మొత్తంలో ఆయనకి ఇంకో ద్వారమే దొరకలేదు కాబోలు!

పిల్లలకి మాత్రం ఆయన అడ్డమే కాదు. కిలకిలా నవ్వుతూ ఆయన చేతుల కిందనుంచి దూరి లోపలికి వచ్చేవారు.

ఆ ఐదుగురు పిల్లలూ పది రోజుల కిందటే నేపాల్ కొండల నుంచి వచ్చారు. భూకంపంలో వాళ్ళ ఊరు నేలమట్టమైంది. చైత్ర అనే అమ్మాయి పనిచేసే సేవాసంస్థ వాళ్ళనీ, అదే ఊళ్ళో కొయ్యబొమ్మలు చెక్కే ఒకావిడనీ బెంగళూరు తీసుకొచ్చింది. ఊళ్ళో బడి మళ్ళీ లేచేదాకా పిల్లలు ఇక్కడ చదువుకోవాలి. ఆవిడ బొమ్మలకి ఇక్కడ కొనేవాళ్ళు దొరకాలి. అక్కయమ్మ అద్దెకున్న పీజీ కుర్రాళ్ళని ఖాళీ చేయించి ఇంటి ముందు భాగం వాళ్ళకిచ్చింది. వాళ్ళకి తోడుగా చైత్రా అక్కడే ఉంటోంది.

“ఆంటీ, మీ ఇంట్లో ఏదో మ్యాజిక్ ఉంది,” అంది చైత్ర మొదటి రోజే. “అక్కడ క్యాంపులో వీళ్ళు ఏ రూమ్‌లోకీ వెళ్ళలేదు. పైకప్పు చూస్తేనే ఏడుపు. చలిలో కూడా ఆరుబయట టార్పాలిన్ కిందే పడుకున్నారు. ఇక్కడేమో డైరెక్టుగా లోపలికి వచ్చేశారు!”

“నా చేతి మిరియాల సారు వాసన అట్లాంటిది పాపా,” అంది అక్కయమ్మ.

పొంగిపోయింది కూడా. పొంగదూ మరి! పిల్లాజెల్లా లేని ఇల్లు. ఇప్పుడు రాత్రిపూట అందరికన్నా చిన్నపాప ఆమె కొంగు పట్టుకుని నిద్రపోతోంది. ఆ పిల్ల మళ్ళీ ఆరుబయటికి పోకుంటే చాలు, ఆమెకి ఇంకేమీ అక్కర్లేదు.

కానీ ఆ శుక్రవారం అక్కయమ్మకి ఓపిక నశించింది. లక్ష్మి ఇంట్లోకి వచ్చే వేళ. మబ్బు కమ్ముకొస్తోంది. ఈయన చూస్తే గడప మీద!

“ఏమప్పా, చెవుడా నీకు? సుమ్నే ఊరికే దారికడ్డం నిల్చుకోనుండావు. దించు చేతులు! నువ్వు పట్టుకోకుంటే నా ఇల్లేమన్నా పడిపోతాదా?”

ఆయన మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. నిజమేనా అని అడుగుతున్నట్టుంది ఆ చూపు.

ఒక చెయ్యి దించాడు. పైచెక్క వంక చూశాడు. రెండో చెయ్యీ దించాడు. మెట్లు దిగి, సందు మలుపు తిరిగి వెళ్ళిపోయాడు.

ఆయన పోయాక కూడా గడప మీద మట్టి రాలుతూనే ఉంది. అక్కయమ్మ పైచెక్క వంక చూసింది. గబగబా తుడిచి దీపం పెట్టింది.

అంతలోనే వాన అందుకుంది. వీధిలో ఆడుకుంటున్న పిల్లలు పరుగెత్తుకొచ్చి మెట్ల దగ్గర టక్కున ఆగిపోయారు.

“రండి, రండి! తడిసిపోతారు!” చైత్ర కేకేసింది.

ఒక్కరూ కదల్లేదు. అందరి చూపూ ఖాళీ ద్వారం మీదే ఉంది.

చైత్ర వానలోకి వెళ్ళి చిన్నపాపని ఎత్తుకుంది. గడప దగ్గరికి రాగానే ఆ పిల్ల ప్రాణం పోతున్నట్టు కేకలు పెట్టి జారిపోయింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ వణుకులోనే వచ్చీరాని హిందీలో ఏదో అంది.

“ఏమంటుండాది పాపా?” అక్కయమ్మ చైత్రనడిగింది.

“ద్వారం ఎవరు పట్టుకుంటారు అంటోంది ఆంటీ.”

అక్కయమ్మ చప్పున సందు వైపు చూసింది.

“నా నోట్లో మన్నుబడ! ఇప్పుడే పంపిస్తినే ఆయప్పని! సందులోనే ఉంటాడు, పిలువు పో!”

“ఎవర్ని?”

“రోజూ ఈడ నిల్చుకుంటాడే, ఆయప్పని!”

“నేను రోజూ ఇక్కడే ఉంటున్నాను కదా ఆంటీ. నాకెవరూ కనిపించలేదే!”

పది రోజులుగా తను చూస్తున్నదెవర్ని మరి! కానీ ఎదురుగా పాప పెదాలు నల్లబడిపోతున్నాయి.

కాపురానికి వచ్చిన నాటి నుంచీ దాటడమే తప్ప తొక్కి ఎరగని గడప. శుక్రవారం పూట, దీపం పక్కన, దాని మీదికి ఎక్కింది. మునివేళ్ళ మీద లేచి రెండు చేతులూ పైచెక్కకు ఆనించింది.

“రండి బిడ్డల్లారా! నేను పట్టుకోనుండాను!”

ఇల్లంతా వచ్చి అరచేతుల మీద కూర్చున్నంత బరువు. మోకాళ్ళు వంగిపోయాయి. తల మీద జలజలా మట్టి రాలింది. ఆమె చేతులు తియ్యలేదు.

పిల్లలు ఒక్కొక్కరే ఆమె చేతుల కిందనుంచి లోపలికి వచ్చారు. అందరికన్నా చివర చిన్నపాప.

గోలకి బొమ్మలావిడ వెనకగది నుంచి వచ్చింది. గడప మీద అక్కయమ్మని చూసి నిలబడిపోయింది. చేతిలో, ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించకుండా చెక్కుతున్న బొమ్మ ఉంది. దాని రెండు చేతులూ పైకెత్తి ఉన్నాయి. జుట్టుకి తెల్లరంగు వేసి ఉంది.

“ఈయప్పే! వచ్చేది ఈయప్పే!” అరిచింది అక్కయమ్మ. “ఎవరో అడుగు పాపా! రేపొస్తే గడప మీదే పీటేసి కూర్చోబెడతా. పాపిష్టిదాన్ని, నేనే చేతులు దించమంటి!”

చైత్ర హిందీలో అడిగింది. ఆవిడ బొమ్మ చేతుల్ని నిమురుతూ మెల్లగా చెప్పింది. చైత్ర గడప వైపు చూస్తూ అది తెలుగులో చెప్పింది.

“ఆవిడ భర్త అట ఆంటీ. బడి కూలుతుంటే ద్వారాన్ని ఇలాగే పట్టుకున్నాడట. పిల్లలందరూ ఆయన చేతుల కిందనుంచే బయటికి వచ్చేశారట, ఆయనొక్కడే రాలేదట.”